వేషం మార్చిన అక్షరాలు



వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్ళో పిల్లలందరం చేరినప్పుడు మాకో సొంత భాష ఉండేది. క భాష. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రతి అక్షరానికీ ముందు ఒక క తగిలించి గబగబా మాట్లాడటమే. "రా" అనాలంటే "కరా". "పోదాం" అనాలంటే "కపోకదాం". పెద్దవాళ్ళకి ఒక్క ముక్క కూడా అర్థం కాదని మా ధీమా. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు కదా అని, వంటింటి గుమ్మంలో నిలబడి నేనూ మా పెద్దమ్మ కూతురూ అటక మీది బెల్లం డబ్బా దించే ఉపాయం గురించి క భాషలో మంతనాలు సాగిస్తున్నాం. నడవలో పడుకున్న అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే అంది: "కమీకకు కబెకల్లం కలేకదు."

మాకు నోట మాట రాలేదు. తరవాత బతిమాలి అడిగితే చెప్పింది. "ముక్కముక్కకీ ముందు క, క అని కాకుల్లా అరుస్తున్నారు. ఆ కాకిని తోలేస్తే మిగిలేది తెలుగేగా!"

ఈ రోజు మాట్లాడబోయేది ఆ కాకి భాషకు పెద్దన్న లాంటి విద్య గురించి. ఒక అక్షరం స్థానంలో మరో అక్షరాన్ని కూర్చోబెట్టి ఉత్తరం రాయడం. చదవవలసినవాడికి మాత్రమే అది ఉత్తరం. దారిలో ఇంకెవరి చేతికి చిక్కినా పిచ్చిరాత. రెండు వేల ఏళ్ళకు పైగా రాజులూ, సేనానులూ, రాయబారులూ, ప్రేమికులూ ఈ విద్యను నమ్ముకున్నారు. నమ్మి తల పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అలాంటి ఒక రాణి కథ కాసేపట్లో చెబుతాను. ఈలోగా ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను. గీసుకోవడం మీ వంతు.

రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన సొంత ఉత్తరాల్లో, అసలు అక్షరం రాయకుండా వరసలో దాని తరవాత వచ్చే మూడో అక్షరం రాసేవాడని సూటోనియస్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఏ రాయాలంటే డి. బి రాయాలంటే ఇ. అందుకున్నవాడు మూడు మెట్లు వెనక్కి దిగి చదువుకుంటాడు. సీజర్ దత్తపుత్రుడు అగస్టస్ ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. ఒక్క మెట్టే జరిపేవాడు. వరసలో చివరిదైన ఎక్స్ వచ్చినప్పుడు చుట్టు తిరిగి మొదటికి రావాలి కదా, అక్కడ ఏ అక్షరాన్ని రెండుసార్లు రాసేవాడట. చక్రవర్తి కాబట్టి చెల్లిందనుకోవాలి.

ఇదే పని మన అక్షరమాలతో చేస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. మన హల్లులు వర్గాలుగా బారులు తీరి నిలబడి ఉన్నాయి. క నుంచి ళ దాకా 34 హల్లులు తీసుకుందాం. క్షను, బండి ఱను పక్కన పెడదాం. సీజర్ మూడు మెట్లు జరిపాడు, మనం అయిదు జరుపుదాం. అంటే ఒక వర్గం మొత్తం పక్క వర్గంలోకి వెళ్ళి కూర్చుంటుంది. క బదులు చ, ఖ బదులు ఛ, గ బదులు జ. చ వర్గం ట వర్గంలోకి, ట వర్గం త వర్గంలోకి, త వర్గం ప వర్గంలోకి. ప ఫ బ భ మ అనేవి య ర ల వ శ అవుతాయి. య ర ల వ అనేవి ష స హ ళ అవుతాయి. మిగిలిన శ ష స హ ళ అనే అయిదూ చుట్టు తిరిగి క ఖ గ ఘ ఙ దగ్గరికి చేరతాయి. అచ్చుల్నీ, గుణింతాల్నీ మాత్రం కదపొద్దు. రాసుకున్నారా?

ఇప్పుడు ఒక వేగులవాడు తన దొరకు చీటీ పంపాలి. "రాజు కోటలో లేడు." ర అనే అక్షరానికి స, జకు డ. "రాజు" కాస్తా "సాడు" అయింది. కో వెళ్ళి చో అయింది, టకు త, లో అనేది హో. "చోతహో." లేడు "హేదు" అయింది. మొత్తం కలిపి చదువుతాను: "సాడు చోతహో హేదు." దారిలో పట్టుబడితే ఎవరో పరదేశి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకున్న దొర మాత్రం ఒక్కొక్క హల్లునూ అయిదు మెట్లు వెనక్కి దింపుతాడు, గుర్రాలకు జీను వేయిస్తాడు.

ఇందులో సరదాలూ ఉన్నాయి. "పాలు" అని రాసి చూడండి. ప వెళ్ళి య, ల వెళ్ళి హ. "యాహు!" పాలవాడు వీధిలోకి వచ్చి అలా కేక పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ ఏర్పాటులో రెండు భాగాలున్నాయి. ఒకటి పద్ధతి, అంటే అక్షరాల్ని జరపడం. రెండోది తాళంచెవి, అంటే ఎన్ని మెట్లు అన్న సంఖ్య. పద్ధతి ఊరందరికీ తెలిసినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి దాస్తే చాలు అన్నంత గట్టిగా ఉండాలి గూఢలిపి. సీజర్ తాళం ఆ పరీక్షకు నిలవదు. 34 హల్లులకు జరిపే విధాలు 33 మాత్రమే. ఓపికగా ఒక్కో వరసా రాసుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట తెలుగు మాట కళ్ళముందు నిలబడుతుంది. భోజనం చేసి కూర్చుంటే సాయంత్రం కాఫీ వేళకు పని అయిపోతుంది.

మరి వరసగా జరపడం మానేసి, కలగాపులగం చేస్తే? కకు మ, ఖకు ర, గకు త, ఇలా మన ఇష్టం వచ్చినట్టు జతలు కట్టి ఒక పట్టిక రాసుకుంటే? మన దేశంలో ఈ ఆలోచన పాతదే. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన 64 కళల జాబితాలో "మ్లేచ్ఛిత వికల్పం" అనేది ఒకటి. పాటా, ఆటా, పూలదండలు కట్టడం, వంట, వీటితో పాటు రహస్యంగా రాసుకోవడం, మాట్లాడుకోవడం కూడా నాగరికులకు రావలసిన విద్యే అన్నమాట. సూత్రంలో పేరు మాత్రమే ఉంది. దాన్ని విడమరిచి చెప్పినది 13వ శతాబ్దపు యశోధరుడు, తన జయమంగళ వ్యాఖ్యలో. కౌటిలీయం, మూలదేవీయం అని రెండు పద్ధతులు చెప్పాడు. మూలదేవీయంలో అక్షరాలు జంటలుగా చోట్లు మార్చుకుంటాయి. ఖ, గ ఒక జంట. చ, ట ఒక జంట. తకు ప, నకు మ, రకు ష, లకు స, యకు శ. ఒకటి రాయాల్సిన చోట రెండోది రాస్తారు, అంతే. దానితో తెలుగు రాస్తే "మన" అన్నది "నమ" అవుతుంది, "నీరు" అన్నది "మీషు" అవుతుంది. "తల" అని రాస్తే "పస" వస్తుంది! తలలో పస ఉండాలని మనవాళ్ళు ఊరికే అనలేదేమో.

సంగీతం నేర్చుకున్న శ్రోతలు ఈపాటికి కటపయాది గురించి ఆలోచిస్తూ ఉంటారు. అదీ మార్పిడే, కాకపోతే అంకెల బదులు అక్షరాలు. మాయామాళవగౌళలో మొదటి రెండక్షరాలు మ, య. లెక్కలో మ అయిదు, య ఒకటి. తిప్పి చదివితే 15. అది పదిహేనో మేళకర్త. మేచకల్యాణి మ, చ, అంటే అయిదు, ఆరు. తిప్పితే 65. ఇక్కడ దాచే ఉద్దేశం లేదు, గుర్తు పెట్టుకునే ఉద్దేశమే. కానీ యంత్రం ఒకటే. పట్టిక తెలిసినవాడికి రాగం పేరులోనే సంఖ్య పలుకుతుంది, తెలియనివాడికి పేరు పేరులాగే వినిపిస్తుంది.

సరే, కలగాపులగం పట్టిక దగ్గరకు వద్దాం. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు. వాటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కకడితే 27 అంకెల సంఖ్య వస్తుంది. వంద కోట్ల మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ సెకనుకొక పట్టిక చొప్పున నిద్రాహారాలు మాని ప్రయత్నించినా, అన్నీ పూర్తి కావడానికి వెయ్యి కోట్ల సంవత్సరాలు దాటుతాయి. మన 34 హల్లులతో అయితే ఆ సంఖ్యకు 39 అంకెలు. ఇంతకంటే గట్టి తాళం ఎవరికి కావాలి? చాలా శతాబ్దాల పాటు లోకం అలాగే అనుకుంది.

తప్పు ఎక్కడుందో బాగ్దాదులో ఒక పండితుడు పట్టుకున్నాడు. తొమ్మిదో శతాబ్దం. పేరు అల్ కిందీ. తత్వశాస్త్రం, గణితం, వైద్యం, సంగీతం అన్నీ చదివినవాడు, రాసినవాడు. గూఢలిపిని విప్పడం గురించి ఆయన రాసిన చిన్న గ్రంథం ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయంలో చాలాకాలం మరుగున పడి ఉండి, 1980ల్లో వెలుగు చూసింది. ఆయన చెప్పిన ఉపాయం వింటే, ఇంతేనా అనిపిస్తుంది. తాళాలన్నీ ప్రయత్నించకు. లెక్కపెట్టు. ఆ భాషలో మామూలు రాత ఒక పుట తీసుకొని, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. గూఢలిపిలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. గూఢలిపిలో ఎక్కువగా వచ్చింది మామూలు రాతలో ఎక్కువగా వచ్చినదానికి మారువేషం అయి ఉంటుంది.

మన ఊళ్ళలోకి పగటివేషాలవాళ్ళు వచ్చేవారు. ఒకరోజు అర్ధనారీశ్వరుడు, మరోరోజు సోమయాజులు, ఇంకోరోజు కోమటిసెట్టి. ముఖానికి రంగు, తలకు పాగా, గొంతు కూడా మార్చేవారు. అయినా రెండోరోజుకే వీధి అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకరు, "వీడు నిన్న సోమయాజులు కట్టినవాడేరా, ఆ కుడికాలు ఈడ్పు చూడు" అనేవాడు. అక్షరం సంగతీ అంతే. ముఖం మారుతుంది. నడక మారదు. ఎన్నిసార్లు వస్తుంది, ఎవరి పక్కన నిలబడుతుంది, మాట మొదట్లో ఉంటుందా చివర్లోనా, తనలాంటిదే ఇంకొకటి జత కట్టుకుని వస్తుందా అన్నవి దాని నడక. పట్టిక వాటిని తాకనైనా తాకదు. ఇంగ్లిష్‌లో ఇ అనే అక్షరం వందకు పన్నెండుసార్లకు పైగా వస్తుంది. దానికి మీరు నక్షత్రం గుర్తు పెట్టండి, గుడ్లగూబ బొమ్మ పెట్టండి, ఆ గుడ్లగూబ వందకు పన్నెండుసార్లు వచ్చి కూర్చుంటుంది.

తెలుగులో ఇది ఎలా బయటపడుతుందో మన వేగులవాడి చీటీలోనే చూడండి. శత్రువు చేతికి అలాంటి చీటీలు పది చిక్కాయనుకుందాం. అతనికి మన తాళం తెలియదు. కానీ తెలుగు తెలుసు. మాటల చివర "హు", "హో" అని మళ్ళీమళ్ళీ కనిపిస్తున్నాయి. ఒకే హల్లు, ఒకసారి కొమ్ముతో, ఒకసారి ఓత్వంతో, మాట చివరే ఎందుకు తచ్చాడుతోంది? బళ్ళు, పళ్ళు, ఊళ్ళు వదిలేసినా, రాజులు, కోటలు, గుర్రాలు, అన్నీ "లు" తోనే కదా ముగుస్తాయి. ఊరిలో, బడిలో, కోటలో, "లో". కాబట్టి హ అనేది ల. ఒక వేషం ఊడింది. ఇంకా చివర్లలో "చు", "చి" ఉన్నాయి. అవి కు, కి అయి ఉండాలి. "దు" తో ముగిసే మాటలు వాక్యం చివర ఎక్కువగా ఉన్నాయి. వచ్చాడు, పోయాడు, ఉన్నాడు. అది డు. ఇప్పుడు "చోతహో హేదు" అన్న ముక్క చూస్తే, కో, తరవాత ఏదో ఒకటి, ఆ తరవాత లో. చివర లేడు. కోనలో లేడా, కోటలో లేడా? యుద్ధం రోజుల్లో ఏది సబబో పసివాడైనా చెబుతాడు. కోటలో లేనివాడు ఎవరు? దీర్ఘంతో మొదలై కొమ్ముతో ముగిసే రెండక్షరాల మనిషి. ఇంకెవరు, రాజు.

మనం అచ్చుల్ని కదపకుండా వదిలేశాం, అందుకే ఇంత తేలికగా దొరికింది అని మీరనవచ్చు. నిజమే. అచ్చుల్నీ మార్చండి, మాటల మధ్య ఖాళీలూ తీసేయండి. విప్పేవాడికి ఇంకో నాలుగు గంటలు పడుతుంది. చీటీ మరీ పొట్టిదైతే తప్ప మనకు రక్షణ లేదు. ఎంత పొట్టిగా ఉండాలో కూడా లెక్క ఉంది. అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో అచ్చయిన వ్యాసంలో దాన్ని తేల్చాడు. ఇంగ్లిష్‌లో అయితే సుమారు 30 అక్షరాల చీటీ దొరికితే చాలు, దానికి సరిపడే అర్థం ఒక్కటే మిగులుతుంది. ముప్ఫై అక్షరాలంటే పాత టెలిగ్రాములో ఒక వరస.

ఇక రాణి కథ.

స్కాట్లండు రాణి మేరీ. 1542లో పుట్టింది, పుట్టిన ఆరో రోజుకే కిరీటం దక్కింది. సొంత రాజ్యంలో ఓడిపోయి 1568లో సరిహద్దు దాటి ఇంగ్లండుకు వచ్చి, ఎలిజబెత్ రాణి శరణు కోరింది. మన వరసల్లో చెప్పాలంటే మేరీ ఎలిజబెత్‌కు మేనత్త మనవరాలు. చుట్టరికం ఉంది కాబట్టే భయం కూడా ఉంది, ఎందుకంటే ఇంగ్లండు సింహాసనం మీద మేరీకి హక్కు ఉందని కాథలిక్కులు నమ్మేవారు. ఎలిజబెత్ ఆమెను చంపలేదు, వదలనూ లేదు. ఒక కోట నుంచి ఇంకో కోటకు మారుస్తూ 18 ఏళ్ళకు పైగా నిర్బంధంలో ఉంచింది.

1586 నాటికి మేరీ స్టాఫర్డ్‌షైర్‌లోని చార్ట్లీ అనే చోట ఉంది. కాపలాదారు ఏమియాస్ పౌలెట్ కఠినుడు. ఉత్తరాలు రావడం, పోవడం పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు గిల్బర్ట్ గిఫర్డ్ అనే యువకుడు దారి చూపించాడు. ఆ ఇంటికి బర్టన్ పట్టణం నుంచి బీరు పీపాలు వస్తాయి. ఉత్తరాన్ని తడవకుండా చుట్టి పీపాలో దాస్తే, లోపలికీ బయటికీ చేరుతుంది. మేరీకి ప్రాణం లేచివచ్చింది. ఆమెకు తెలియనిది ఏమిటంటే, గిఫర్డ్ ఎలిజబెత్ మంత్రి ఫ్రాన్సిస్ వాల్సింగమ్ మనిషి. బీరు కాచేవాడికి రెండు వైపులా డబ్బు ముడుతోంది. ప్రతి ఉత్తరమూ ముందు వాల్సింగమ్ బల్ల మీదికి వెళ్తుంది. అక్కడ ఆర్థర్ గ్రెగొరీ అనేవాడు లక్కముద్ర ఊడదీసి మళ్ళీ ఏమీ ఎరగనట్టు అతికిస్తాడు. ఈ మధ్యలో థామస్ ఫెలిప్స్ దాన్ని విప్పి చదువుతాడు.

ఈ ఫెలిప్స్‌ను మేరీ ఒకసారి చూసింది కూడా. పొట్టివాడు, బక్కపలచనివాడు, పసుపురంగు జుట్టు, ముఖాన మశూచి మచ్చలు, చూపు ఆనదు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో అని తన ఉత్తరంలో వర్ణించింది. ఆ ఆనని చూపుతోనే తన గుండెలోని మాటలన్నీ చదువుతున్నాడని ఆమెకు తోచలేదు.

అదే సంవత్సరం ఆంథొనీ బాబింగ్టన్ అనే 24 ఏళ్ళ ధనిక యువకుడు స్నేహితులతో కలిసి కుట్ర పన్నాడు. విదేశీ సైన్యం సాయంతో మేరీని విడిపించాలి, ఆరుగురు పెద్దమనుషులు ఎలిజబెత్‌ను చంపాలి. జూలై 6న ఇదంతా గూఢలిపిలో రాసి మేరీకి పంపాడు. వాళ్ళ లిపి ఎలాంటిదో మనకు తెలుసు, పట్టిక ఇప్పటికీ ఉంది. 23 అక్షరాలకు 23 గుర్తులు. తరచుగా వచ్చే మాటలకూ పదబంధాలకూ మరికొన్ని గుర్తులు. తరవాతి అక్షరం రెండుసార్లు చదవాలని చెప్పే గుర్తు ఒకటి. ఏ అర్థమూ లేని వట్టి గుర్తులు నాలుగు. దారి తప్పించడానికి అక్కడక్కడ చల్లేవి, అచ్చం మా క భాషలో క లాంటివి. చూడటానికి భయపెట్టే పట్టిక. కానీ దాని ఎముకల గూడు మూలదేవీయమే. ఒక అక్షరం, దానికి ఒకే వేషం. ఫెలిప్స్‌కు లాటిన్, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ భాషలు వచ్చు. లెక్కపెట్టడం వచ్చు. అమ్మమ్మ కాకిని తోలినట్టు ఆ నాలుగు వట్టి గుర్తుల్ని తోలేశాడు.

జూలై 17న మేరీ జవాబు పంపింది. కార్యదర్శి గిల్బర్ట్ కర్ల్ దాన్ని గూఢలిపిలోకి మార్చాడు. విడుదల ఎలా జరగాలో, గుర్రాలు ఎక్కడ సిద్ధంగా ఉండాలో వివరంగా ఉంది. ఎలిజబెత్ హత్యను ఆమె కాదనలేదు. ఫెలిప్స్ దాన్ని విప్పి, తన ప్రతి మీద ఒక ఉరికంబం బొమ్మ గీశాడు.

నాకు ఈ కథలో ఒళ్ళు జలదరించే చోటు ఉరికంబం కాదు. దాని తరవాత జరిగింది. వాల్సింగమ్‌కు ఆ ఆరుగురి పేర్లు కావాలి. ఫెలిప్స్ మేరీ ఉత్తరం కింద, మేరీ గూఢలిపిలోనే, మేరీ మాట్లాడినట్టే ఒక తాజా కలం రాశాడు. ఆ ఆరుగురు ఎవరో చెబితే సంతోషిస్తాను అని. తాళం చేతికి వచ్చినవాడు చదవడంతో ఆగడు. నీ పేరు మీద రాయనూ గలడు. బాబింగ్టన్‌కు అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? గూఢలిపిలో ఉంది కదా, ఇది రాణి తప్ప ఎవరు రాస్తారు! దొంగసంతకం చూస్తే కనీసం చేతిరాత పోల్చుకుంటాం. గూఢలిపికి చేతిరాత లేదు. షెర్లాక్ హోమ్స్ కథల్లో నాట్యమాడే మనుషుల బొమ్మల కథ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ బొమ్మల్ని విప్పాక హోమ్స్ చేసిన పని కూడా ఇదే. అదే బొమ్మలతో తనే ఒక చీటీ రాసి, నేరస్తుణ్ణి ఇంటికి రప్పించాడు. డాయిల్ 1903లో రాసిన ఆ ఉపాయాన్ని ఫెలిప్స్ మూడు వందల ఏళ్ళ ముందే, నిజం ప్రాణాల మీద ప్రయోగించాడు.

బాబింగ్టన్ ఆ పేర్లు రాసి పంపకముందే పరిస్థితులు ముదిరాయి. పారిపోయాడు, పట్టుబడ్డాడు, సెప్టెంబరు 20న అతి క్రూరంగా చంపేశారు. అక్టోబరులో ఫాదరింగే కోటలో మేరీ విచారణ. తన చేత్తో రాసిన కాగితం చూపించమని ఆమె అడిగింది. చూపించలేదు. విప్పి రాసిన నకళ్ళే సాక్ష్యం. 1587 ఫిబ్రవరి 8న అదే కోటలో ఆమె తల నరికారు. వయసు 44.

నా ఉద్దేశంలో ఆమెను ముంచింది లిపి చెడ్డదవడం ఒక్కటే కాదు, అది గట్టిదని నమ్మడం. ఏ ముసుగూ లేని ఉత్తరం రాయవలసి వస్తే మేరీ అంత వివరంగా రాసి ఉండేదా? పద్దెనిమిదేళ్ళ ఖైదులో ప్రతి మాటా తూచి మాట్లాడటం నేర్చుకున్న మనిషి. గోడలకు చెవులుంటాయని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. బీరు పీపాకు కళ్ళుంటాయని అనుకోలేదు.

విచిత్రం ఏమిటంటే, అప్పటికే ఇంతకంటే మంచి ఉపాయాలు ఉన్నాయి. తరచుగా వచ్చే అక్షరానికి ఒకటికి నాలుగు గుర్తులు పెట్టి, మార్చిమార్చి వాడటం ఇటలీలో 15వ శతాబ్దం మొదటికే ఉంది. కుంటివాడి నడకను నలుగురు పంచుకున్నట్టు. ఇక బెల్లాసో అనే ఇటాలియన్ 1553లోనే ఇంకో అడుగు వేశాడు. ఒకే పట్టిక కాకుండా, ఒక తాళపు మాటను బట్టి అక్షరం అక్షరానికీ పట్టిక మార్చడం. దీనికి తరవాత విజినేర్ అనే ఫ్రెంచివాడి పేరు స్థిరపడింది. లోకం అలాంటిది. ఆ పద్ధతిని ఎలా విప్పాలో 1863లో కసిస్కీ అనే ప్రష్యన్ సైనికాధికారి అచ్చువేసే దాకా అది విప్పరానిదనే పేరు మోసింది. మన ఫోన్లలో, బ్యాంకుల్లో ఇప్పుడు నడిచే ఏఈఎస్ పద్ధతిలో కూడా మార్పిడి పట్టిక ఒకటుంది. కానీ అది ఒక్కటే లేదు. మార్చడం, జరపడం, కలపడం, తాళం పూయడం, మళ్ళీ మొదటి నుంచి. తక్కువలో తక్కువ పది చుట్లు. అన్నిసార్లు వేషం మార్చాక కుడికాలి ఈడ్పు ఎవరిదో చెప్పడం అరుగు మీది ముసలాయన తరం కాదు.

మేరీకీ మంచి లిపులు తెలియక కాదు. ఈ మధ్యే తేలిన సంగతి అది. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో గుర్తుతెలియని గూఢలిపి ఉత్తరాల కట్ట ఒకటి ఉండేది. 16వ శతాబ్దపు మొదటి సగానికి చెందిన ఇటలీ వ్యవహారాలు అని జాబితాలో రాసిపెట్టారు. ఇజ్రాయెల్‌లో ఉండే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జార్జ్ లాస్రీ, జర్మనీలో సంగీతం బోధించే నార్బర్ట్ బియర్‌మన్, జపాన్‌కు చెందిన సతోషి తొమొకియో కలిసి దాని మీద కూర్చున్నారు. ఈ లిపిలో ఒక్కో అక్షరానికి ఎన్నో గుర్తులు. కంప్యూటరుతో వేల సార్లు ప్రయత్నించారు. ముందు ఇటాలియన్ అనుకున్నారు, కుదరలేదు. ఫ్రెంచ్ అనుకున్నాక కదిలింది. మెల్లగా మాటలు తేలాయి. వ్యాకరణంలో స్త్రీలింగం. రాసినది ఆడమనిషి. "నా స్వేచ్ఛ" అంటోంది. "నా కొడుకు" అంటోంది. ఎక్కడో నిర్బంధంలో ఉన్న తల్లి. ఆ తరవాత ఒక పేరు విడిపడింది: వాల్సింగమ్.

1578 నుంచి 1584 దాకా మేరీ రాసిన యాభైకి పైగా ఉత్తరాలు అవి. చాలా భాగం లండన్‌లోని ఫ్రెంచ్ రాయబారి కాస్తెల్నోకు రాసినవి. ఫలితాలు 2023 ఫిబ్రవరిలో అచ్చయ్యాయి. ఆమె మరణించింది కూడా ఫిబ్రవరిలోనే.

నాకిచ్చిన సమయం అయిపోయింది. కాగితం మీద అయిదు మెట్ల పట్టిక రాసుకున్న శ్రోతలకు వెళ్ళేముందు ఒక చిన్న మాట. మూడే అక్షరాలు. గె, హ, ళు.

గెహళు.